చిన్న పంపునకు కాలపు కట్టుబాటు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో నాకంటె చదువరులు, వక్తలు పలువురున్నారు. నేను లెక్కలు వ్రాసికొనువాడను. మా తాతగారు ఈ గ్రామమునకు కరణముగా నుండిరి. ఆ వంశపారంపర్యపు పదవులు 1984లో రద్దయినవి. లెక్క మాత్రము మా యింటిని వీడిపోలేదు. సహకార సంఘపు పద్దులు, ఈ గ్రంథాలయపు పద్దులు నా చేతిమీదుగనే నడచుచున్నవి. భారత భాగవతములను గురుముఖమున నేర్చినవాడను గాను. నిఘంటువును ప్రక్కనుంచుకొని, కూడబలుకుకొని నేర్చినవాడను. అట్టి నన్ను ఈ ఉత్సవమున మాటలాడుమన్నప్పుడు ఏ ప్రబంధమును గూర్చియో చెప్పుదునని పెద్దలు తలంచియుందురు. కాని నేను ఎన్నుకొన్న విషయము మన గ్రంథాలయపు పెరటిలోని అర హార్సుపవరు నీటిపంపు. దానిని నిర్ణీతకాలము నడపి తనంతట తానే ఆపు ఒక చిన్న సాధనమును మేమెట్లు కట్టితిమో, అందువలన నేనేమి నేర్చితినో విన్నవించుకొందును.

మీలో పెక్కురకు ఆ పంపు కథ తెలిసినదే. పెరటిలో సంపు, మేడమీద 500 లీటర్ల ట్యాంకు ఉన్నవి. చదువరులకు త్రాగునీరు, మొక్కలకు తడి దానినుండియే. మూడేండ్ల క్రిందట వేసవిలో ఒక ఉదయమున మన గ్రంథపాలకుడు మోటారు మీట వేసెను. ఇంతలో పిల్లలు వచ్చి పుస్తకము లడుగగా లోనికి వెళ్ళెను. ట్యాంకు నిండినది, పొర్లినది, పిదప సంపు ఎండినది. నీరులేని పంపు తిరుగుచునే యున్నది. నీటివలన చల్లబడవలసిన సీలు వేడెక్కి పట్టివేసినది. తిరుగలేని మోటారు అధికమైన కరెంటును లాగుకొనగా దాని చుట్లు కాలిపోయినవి. పొగవాసన వచ్చునప్పటికి చేయదగిన దేమియు మిగులలేదు.

మోటారు మరల చుట్టించుటకు, సీలు మార్పించుటకు 2,150 రూపాయ లైనవి. ఆ త్రైమాసికమున క్రొత్త పుస్తకములకై ప్రత్యేకించిన సొమ్ము 2,400 రూపాయలు. అందులోనుండియే చెల్లించితిమి. ఆ మూడు నెలలు మన బీరువాలోనికి క్రొత్త పుస్తకము రాలేదు. అంతటితో ఊరకుండక, చిట్టాలో నేనొక పంక్తి వ్రాసితిని: గ్రంథపాలకుని అజాగ్రత్తవలన కలిగిన నష్టము, అతనినుండి రాబట్టవలసినది. అతడు ఒక్క మాటయు అనలేదు. మరుసటి నెల తన భత్యమునుండి 500 రూపాయలు తెచ్చి నా బల్లమీద పెట్టెను. రసీదు వ్రాసి యిచ్చితిని. ఆపై నెల మరియొక 500 తెచ్చెను. ఈసారి రసీదు వ్రాయుచుండగా నా కలము నడుమ ఆగినది.

లెక్క సరియైనదే. న్యాయము సరియైనదా? పిల్లవానికి పుస్తకము వెదకి యిచ్చుట అతని పని. దానికే మనము భత్య మిచ్చుచున్నాము. ఆ పనిని అతడు చేసినందువలననే మోటారు కాలినది. పావుగంటసేపు గోడవంక చూచుచు కాలము నెంచుట మనము అతని కిచ్చిన పనియే కాదు. ఇచ్చినను అది మనుష్యుడు చేయదగిన పని కాదు. మనుష్యుడు మఱచును. ఆ మఱపునకు అడ్డుగా ఏ యేర్పాటును చేయక, తప్పు జరిగిన పిదప వానిని పట్టుకొనుట మనకు సులభముగా తోచినది.

కాలము నెంచు పనిని పరికరమున కప్పగించుట మన దేశమునకు క్రొత్త కాదు. ఘటికాయంత్రమును మన పెద్ద లెఱుగుదురు. అడుగున సన్నని బెజ్జము గల రాగిగిన్నెను నీటి తొట్టిలో తేల్తురు. బెజ్జము గుండ నీరు లోపలికి ఊరి, ఒక ఘడియకు గిన్నె మునుగును. ఒక అహోరాత్రమునకు అరువది మునకలు. సూర్యసిద్ధాంతము దీనిని కపాలయంత్రమని వర్ణించినది. ఘడియ యనగా మన నేటి లెక్కకు 24 నిమిషములు. బెజ్జము సన్నమైనచో ఆలస్యముగను, వెడల్పైనచో శీఘ్రముగను మునుగును. ఈ యొక్క మాట జ్ఞాపకముంచుకొనుడు. తరువాత చెప్పబోవు విద్యుత్సాధనమంతయు దీనిమీదనే ఆధారపడియున్నది.

మన చందాదారు లొకరికి టీవీలు, ఫ్యానులు, పంపులు బాగుచేయు కొట్టున్నది. వారి కుమార్తె అప్పుడు పదవ తరగతి చదువుచుండెను. తండ్రి కొట్టులో టంకము పట్టుట ఆమెకు చిన్ననాటి ఆట. నా మనస్సులోని మాట విని, "రిలే పెట్టుకుంటే సరిపోతుంది బాబాయిగారూ, మీరు లెక్క చూడండి, నేను అతుకుతాను" అన్నది. అట్లు మా యిద్దరి పని మొదలైనది.

రిలే యనగా నేమి? ఇనుపముక్కకు సన్నని రాగితీగె చుట్టి, అందులో కరెంటు పంపినచో ఆ యినుము అయస్కాంతమగును. అది ఎదుటనున్న ఇనుపరేకును లాగును. ఆ రేకు రెండు లోహపు కొనలను కలుపును. తీగెలో కరెంటు ఆగినచో స్ప్రింగు రేకును వెనుకకు లాగివేయును. అనగా కొద్దిపాటి కరెంటుతో మరియొక దారిలోని పెద్ద కరెంటును తెఱచుటకు, మూయుటకు వీలగును. పూర్వము మజిలీ మజిలీకి గుఱ్ఱములను మార్చు పద్ధతికి ఇంగ్లీషున రిలే యని పేరు. అలసిన గుఱ్ఱమునుండి వార్తను క్రొత్త గుఱ్ఱ మందుకొనునట్లే, బలహీనమైన కరెంటునుండి ఆజ్ఞను బలమైన కరెంటు అందుకొనును. ఈ రిలేకు ఎంతసేపు పట్టియుండవలెనో చెప్పు కాలగణకుడు తోడైనచో దానిని టైమరు రిలే యందురు.

కట్టుటకు ముందు కొలత తీసికొంటిమి. 15 లీటర్ల బకెట్టును ట్యాంకు నోటియొద్ద పట్టగా 30 సెకనులలో నిండినది. అనగా నిమిషమునకు 30 లీటర్లు. ఖాళీ ట్యాంకు నిండుటకు 16 నిమిషముల 40 సెకనులు పట్టును. పొర్లకుండ కొంత తగ్గించి, 15 నిమిషము లుంచుకొంటిమి. ఈ కొలత లేకుండ ఎంత గొప్ప పరికరము కట్టినను నిరుపయోగము.

మా మొదటి ప్రయత్నము 555 అను ఐ.సి.తో జరిగినది. దీనిని 1971లో హాన్స్ కామెన్‌జిండ్ అను ఇంజనీరు రూపొందింపగా, సిగ్నెటిక్స్ సంస్థ 1972లో విడుదల చేసినది. నేటికిని కొట్టులలో చవుకగా దొరకుచున్నది. దాని పద్ధతి మన ఘటికాయంత్రపు పద్ధతియే. కండెన్సరు అను పాత్రలోనికి, రెసిస్టరు అను సన్నని బెజ్జము గుండ విద్యుత్తు ఊరుచుండును. పాత్ర మూడింట రెండు వంతులు నిండగనే ఐ.సి. రిలేను విడుచును. కాలమునకు సూత్రము సులభమైనది: రెసిస్టరు విలువను కండెన్సరు విలువతో గుణించి, దానిని మరల 1.1 చేత గుణింపవలెను. 820 కిలోఓముల రెసిస్టరు, 1000 మైక్రోఫారడుల కండెన్సరు తీసికొంటిమి. గుణింపగా 902 సెకనులు, అనగా 15 నిమిషముల 2 సెకనులు. కాగితముమీద ఇంత చక్కగా కుదిరినందుకు పొంగిపోతిని.

పంపు వేసి గడియారము చేతబట్టి నిలుచుంటిని. 15 నిమిషము లైనవి. 18 అయినవి. ట్యాంకు పొర్లసాగినది. 25 నిమిషములు నిలిచి, చేతితో మీట ఆపితిని. నా లెక్కలో దోషమేమో యని రాత్రి మూడుమారులు గుణించి చూచితిని. దోషము కనబడలేదు. మరునాడు ఆ పిల్ల వినినంతనే, "లెక్క మంచిదే బాబాయిగారూ, కుండకే చిల్లి ఉందేమో" అన్నది. మీటరు పెట్టి చూచితిమి. 12 వోల్టుల సరఫరాలో కండెన్సరు 8 వోల్టులకు నిండవలెను. అది 7 వోల్టులకు చేరి అక్కడనే నిలిచిపోయినది.

కారణ మిది. అంత పెద్ద విలువగల కండెన్సరులు ఎలెక్ట్రొలిటిక్ అను జాతివి. వానిలో కొంత విద్యుత్తు ఎల్లప్పుడు లోలోపల కారిపోవుచుండును. 7 వోల్టులయొద్ద మా రెసిస్టరు గుండ వచ్చునది సుమారు 6 మైక్రోఆంపియర్లు, అనగా ఆంపియరులో పదిలక్షలవ వంతులు ఆరు. కారిపోవునదియు అంతే. ఆదాయ మెంతయో వ్యయ మంత. నిలువ పెరుగుట యెట్లు? జీవితమంతయు ఆదాయవ్యయములు వ్రాసినవాడనై యుండియు ఆ సంగతి ఒక బాలిక చెప్పువరకు నాకు తోచలేదు. లీలావతి కథ జ్ఞప్తికి వచ్చినది. ఆమె పెండ్లిముహూర్తమునకై ఉంచిన ఘటికాయంత్రపు బెజ్జములో ముత్య మొకటి పడి అడ్డుకొన్నదనియు, ముహూర్తము తప్పిపోయినదనియు జనులు చెప్పుకొను కథ. అది కథయే కావచ్చును. కాని కాలయంత్రమును నమ్మువాడు దాని బెజ్జమును, పాత్రను ముందుగా పరీక్షింపవలెనను నీతి అందున్నది.

మరి దారి యేమి? పెద్ద కుండను సన్నని ధారతో నింపుటకు బదులు, చిన్న చెంబును పలుమారులు నింపి, ఎన్ని చెంబు లైనవో లెక్కించుట. చిన్న విలువగల ప్లాస్టిక్ పొర కండెన్సరులలో కారుడు లెక్కకు రానంత స్వల్పము. ఇట్లు లెక్కించు ఐ.సి. యొకటి కలదు. దాని పేరు సీడీ 4060. దానిలో ఒకదాని వెంట నొకటిగా 14 మెట్లున్నవి. ప్రతి మెట్టునకును రెండే స్థితులు: ఉండుట, లేకుండుట. క్రింది మెట్టు రెండుమారులు మారినచో పై మెట్టు ఒకమారు మారును.

ఈ సంగతి వినగనే నాకు ఛందశ్శాస్త్రము కన్నులయెదుట నిలిచినది. పింగళుని ప్రస్తార మిదియే గదా! అక్షరమునకు గురువు లఘువు అను రెండు భేదములు. పాదమునకు పదమూడక్షరములు గల అతిజగతీ ఛందమున ప్రస్తారింపగా పుట్టు వృత్తములు 8192. మంజుభాషిణి ఆ కుటుంబములోనిదే. ఈ ఐ.సి.లోని మొదటి పదమూడు మెట్లును ఆ 8192 రూపములను ఒకదాని వెంట నొకటి చూపి ముగించిన పిదపనే పదునాలుగవ మెట్టు మేలుకొనును. ఆ మేలుకొనుటయే మోటారు నాపు సంకేతము. ఛందస్సు కవులకే గాని మోటారులకు పనికిరాదని యెవ్వరైన అన్నచో ఇకమీద నేను ఒప్పుకొనను.

ఇప్పుడు లెక్క చూడుడు. దీనిలో ఒక చెంబునకు పట్టు కాలము, రెసిస్టరును కండెన్సరును గుణించి 2.3 చేత హెచ్చవేసినంత. 470 కిలోఓములు, 0.1 మైక్రోఫారడు తీసికొనగా 0.1081 సెకను వచ్చును. దానిని 8192 చేత గుణింపగా సుమారు 886 సెకనులు, అనగా 14 నిమిషముల 46 సెకనులు. మన పాతకొలతలో దాదాపు 37 విఘడియలు. ఆ కాలమున పంపు ఎక్కించు నీరు 443 లీటర్లు. మీ పంపునకు వేరు కాలము కావలసినచో ఆ రెసిస్టరు నొక్కదానిని మార్చిన చాలును: రెట్టింపు రెసిస్టరునకు రెట్టింపు కాలము.

కట్టదలచిన యువకులకై వివరము చెప్పుదును. ఐ.సి. పదవ కాలికి ఆ 470 కిలోఓముల రెసిస్టరు, తొమ్మిదవ కాలికి 0.1 మైక్రోఫారడు కండెన్సరు, పదునొకండవ కాలికి 2.2 మెగాఓముల రెసిస్టరు తగిలించి, మూటి రెండవ కొనలను ఒక్కచోట కలుపవలెను. పదునారవ కాలు 12 వోల్టులకు, ఎనిమిదవది నేలకొనకు. ఈ రెంటి నడుమ, ఐ.సి.కి ఆనుకొని, మరియొక 0.1 కండెన్సరు ఉండవలెను. లేనిచో ప్రక్కనున్న సామానులు కొట్టుకొనినప్పుడు లెక్క తప్పును. పండ్రెండవ కాలికి 12 వోల్టులనుండి 1 మైక్రోఫారడు కండెన్సరు, నేలకొనకు 100 కిలోఓముల రెసిస్టరు తగిలించినచో కరెంటు వచ్చిన ప్రతిమారు లెక్క సున్నతో ఆరంభమగును. పదునాలుగవ మెట్టు మూడవ కాలియొద్ద బయటపడును. అక్కడనుండి 10 కిలోఓముల రెసిస్టరు ద్వారా బీసీ 557 ట్రాన్సిస్టరు బేసునకు కలుపవలెను. ట్రాన్సిస్టరు ఎమిటరు 12 వోల్టులకు, కలెక్టరు రిలే చుట్టకు, చుట్ట రెండవ కొన నేలకొనకు. రిలే చుట్టకు అడ్డముగా ఒక డయోడును, గీతగల కొన కలెక్టరువైపు ఉండునట్లు అతుకుట మఱువరాదు. చుట్టలో కరెంటు హఠాత్తుగా ఆగినప్పుడు లేచు ఎదురుపోటును ఆ డయోడు మ్రింగును; లేనిచో ట్రాన్సిస్టరు చచ్చును. 12 వోల్టులను చిన్న ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడులు, 1000 మైక్రోఫారడు కండెన్సరు, 7812 రెగ్యులేటరు ఇచ్చును.

ఇందులో నాకు మిక్కిలి నచ్చినది ఆ పిల్ల చేసిన యొక కూర్పు. ఈ పరికరమునకు వచ్చు 230 వోల్టుల దారిలో నొక్కుడు బొత్తమును, రిలే కొనలను ప్రక్కప్రక్కన కలిపినది. బొత్తమును ఒక క్షణము నొక్కి పట్టగనే పరికరమునకు ప్రాణము వచ్చును, రిలే పట్టుకొనును, ఆపై బొత్తమును విడిచినను రిలే కొనల గుండ తన కరెంటును తానే తెచ్చుకొనును. 8192 లెక్కలు ముగియగనే రిలే విడుచును, మోటారు ఆగును, పరికరమును తన కరెంటును తానే తెంచుకొని నిదురించును. నడుమ కరెంటు పోయినచో? అప్పుడును రిలే విడుచును. కరెంటు ఏ యర్ధరాత్రమో తిరిగి వచ్చినను, మనుష్యుడు వచ్చి బొత్తము నొక్కువరకు మోటారు లేవదు. ఆరంభించు అధికారము మనుష్యునిది. ఆపు బాధ్యత యంత్రముది.

ఏడవ కాలికి, 4.7 కిలోఓముల రెసిస్టరు ద్వారా, ఒక చిన్న ఎల్‌ఈడీ దీపమును కూడ పెట్టితిమి. పదునారు లెక్కల కొకమారు అది వెలిగి ఆరును. దానివలన పావుగంట కాచుకొననక్కరలేకుండ కాలమును సరిచూడవచ్చును. పది వెలుగులకు 17.3 సెకనులు పట్టినచో లెక్క సరియే. సామానుల విలువలలో నూటికి అయిదు పది వంతుల తేడా సహజము, మనదానికి 17.8 సెకనులు పట్టుచున్నది. గుణింపగా మొత్తము 15 నిమిషముల 11 సెకనులు. ట్యాంకున కది సరిపోయినది.

ఇక హెచ్చరికలు. మొదటిది: ఈ చిన్న రిలేకు మోటారును సూటిగా తగిలింపరాదు. దానిమీద 10 ఆంపియర్లని అచ్చువేసియుండును. అర హార్సుపవరు మోటారు తిరుగునప్పుడు మూడు నాలుగు ఆంపియర్లు మాత్రమే లాగునుగాని, లేచు క్షణమున దానికి అయిదారు రెట్లు లాగును. ఆ పోటుకు రిలే కొనలు కరగి అతుకుకొనిపోవచ్చును. అప్పుడు లెక్క ముగిసినను మోటారు ఆగదు. మనము తప్పించుకొనదలచిన ఆపదయే మరల వచ్చును. కావున రిలే ఒక కాంటాక్టరునకు ఆజ్ఞ యీయవలెను. కాంటాక్టరు మోటారును నడపవలెను. రెండవది: కాలయంత్రమునకు కాలమే తెలియును, నీరు తెలియదు. సంపు ముందే ఎండియున్నచో అది ఎఱుగదు. అందుకై సంపులో ఫ్లోటు స్విచ్చి పెట్టి, నీరు తగ్గగనే దారి తెగునట్లు కలిపితిమి. మూడవది: 12 వోల్టుల వైపు పిల్లలు నేర్చుకొనవచ్చును, 230 వోల్టుల వైపు తెలిసిన ఎలక్ట్రీషియనే అతుకవలెను. ఫ్యూజు, ఎర్తు లేని పంపు ఎంత చిన్నదైనను ప్రాణాంతకము. తడిచేతులతో బొత్తము ముట్టరాదు.

ఇట్టివి బజారులో సిద్ధముగా దొరకునుగదా, కట్టుట యెందుకని కొందరడిగిరి. కొనుట తప్పుగాదు. కాని కొన్నదానిలో కుండ ఎక్కడ కారుచున్నదో మనకు తెలియదు. పొలములయందు కరెంటు వచ్చిన క్షణముననే ఆటోస్టార్టరులన్నియు ఒక్కసారి మోటారులను లేపుట, ట్రాన్స్‌ఫార్మరు ఆ భారమున కాగలేక కాలుట మీరెఱుగనిది గాదు. ఒక్కొక్క మోటారు ఒక్కొక్క నిమిషము తేడాతో లేచునట్లు కాలవిలంబము పెట్టినచో ఆ పోటు పంచబడును. ఆ పెద్ద మోటారుల పని అనుభవజ్ఞులు చేయవలసినదే. కాని అందలి సూత్రమును గ్రహించిన రైతు తనకేమి కావలెనో అడుగగలడు.

1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికామండలిని స్థాపించిన పెద్దలు శాస్త్రవిషయములను తెలుగున చదివింప పూనుకొనిరి. గ్రంథాలయమున కథలతోపాటు శాస్త్రము కూడ ఉండవలెనను తలంపు నాటినుండియు ఉన్నదే. మన బీరువాలోని పుస్తకము మన పెరటిలోని పంపువరకు నడచి వచ్చిననాడు ఆ తలంపు మన గ్రామమునను ఫలించినదని నేననుకొంటిని.

కాంటాక్టరు గాక మిగిలిన సామానులకు 300 రూపాయలకు లోబడి ఖర్చయినది. అమర్చి రెండేండ్లు నిండినవి. మోటారు మరల కాలలేదు.

చివరి మాట. లెక్కలలో కొట్టివేత పనికిరాదు. తప్పుడు పద్దునకు ఎదురుపద్దు వ్రాయవలెను. కమిటీ అనుమతితో గ్రంథపాలకునికి అతని 1,000 రూపాయలు తిరిగి యిచ్చి, ఆ తేదీన ఇట్లు వ్రాసితిని: మునుపటి పద్దు పొరపాటు, లోప మతని జాగ్రత్తయందు గాదు, మన యేర్పాటునందు. ఆ పంక్తి నా చేతివ్రాతతోనే చిట్టాలో ఉన్నది, కోరినవారు చూడవచ్చును. అతడు ఈ సభలో వెనుకవరుసలో, పిల్లల నడుమ కూర్చుండియున్నాడు. నేటి ఉదయమును బొత్తము నొక్కి, గోడవంక చూడక, తిన్నగా లోపలికి వెళ్ళి ఒక బాలునకు అడిగిన పుస్తకము వెదకి యిచ్చెను. దానికొఱకే మేమింత కష్టపడితిమి.

మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును కూడ చూచునుగాక.